జవాబులు రాసిన పార్టీ

సిద్ధాంతాలు తమకు పడవంటారు. పుస్తకం పట్టుకున్న నాయకుణ్ణి అనుమానంగా చూస్తారు. అయినా బ్రిటన్ కన్సర్వేటివ్‌ల చరిత్రలో ప్రతి మలుపు దగ్గరా ఒక పుస్తకమో, కరపత్రమో, పత్రికా వ్యాసమో ఎదురవుతుంది. వాటిలో చాలావరకు ఎదుటివాళ్ల రాతకు చెప్పిన జవాబులే.

బ్రిటన్ కన్సర్వేటివ్‌లకు తెలివితక్కువ పార్టీ అన్న బిరుదు ఇచ్చింది తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్. ప్రాతినిధ్య ప్రభుత్వం గురించి 1861లో అచ్చేసిన పుస్తకంలో ఆ మాట అన్నాడు. ఐదేళ్ల తర్వాత పార్లమెంటులో నిలదీస్తే తగ్గకపోగా ఇంకో చురక వేశాడు. కన్సర్వేటివ్‌లంతా తెలివితక్కువవాళ్లని తాను అనలేదట. తెలివితక్కువవాళ్లలో ఎక్కువమంది కన్సర్వేటివ్‌లన్నదే తన ఉద్దేశమట.

ఆ పార్టీవాళ్లు దీనికి పెద్దగా నొచ్చుకోలేదు. సిద్ధాంతాలు ఫ్రెంచివాళ్ల సరుకు, మాది అనుభవం అని చెప్పుకోవడం వాళ్లకు మొదటినుంచీ ఇష్టమే. కానీ ఆ పార్టీ ప్రధానుల వరస చూడండి. డిజ్రేలీ నవలాకారుడు. సాల్స్‌బరీ పత్రికలకు వ్యాసాలు రాసి ఇల్లు గడుపుకొన్నవాడు. చర్చిల్‌కు 1953లో దక్కిన నోబెల్ సాహిత్యానికి. హెరాల్డ్ మాక్మిలన్‌ది పుస్తకాలు అచ్చేసే కుటుంబం. బోరిస్ జాన్సన్ వారపత్రికకు సంపాదకుడు. పుస్తకాలతో పని లేదన్న పార్టీని నడిపినవాళ్లలో ఇంతమంది రాతగాళ్లు!

వీళ్లూ వీళ్ల మద్దతుదారులూ రాసినవాటిని ఒకచోట పేర్చి చూస్తే ఒక సంగతి తేలుతుంది. తమంతట తాముగా మొదలుపెట్టిన చర్చ తక్కువ. ఎవరో ఏదో రాస్తారు, ప్రసంగిస్తారు. అది చూసి ఒళ్లుమండి వీళ్లు కలం పట్టుకుంటారు. మన ఖండన గ్రంథాల పద్ధతే అనుకోండి. పూర్వపక్షం ఎదుటివాడిది, సిద్ధాంతం తమది. ఆ పూర్వపక్షం బలంగా ఉన్నప్పుడల్లా వీళ్ల రాత పదునెక్కింది. దాన్ని వినడం మానేసినప్పుడు పార్టీ బోర్లా పడింది.

ఒక ప్రసంగం మీద కోపం

1789 నవంబరు 4న లండన్‌లోని ఓల్డ్ జ్యూరీ ప్రార్థనామందిరంలో రిచర్డ్ ప్రైస్ అనే మతబోధకుడు ఫ్రెంచి విప్లవాన్ని ఆహ్వానిస్తూ మాట్లాడాడు. పాలకుల్ని ఎంచుకునే హక్కూ, దారితప్పితే దించేసే హక్కూ ప్రజలవే అన్నాడు. ఆ ప్రసంగం అచ్చయి ఎడ్మండ్ బర్క్ చేతికొచ్చింది. ఫ్రాన్సులోని ఒక యువకుడికి ఉత్తరం రూపంలో బర్క్ రాసిన జవాబు పెద్ద పుస్తకమైంది. 1790 నవంబరు 1న డాడ్స్‌లీ అనే ప్రచురణకర్త దాన్ని 'రిఫ్లెక్షన్స్ ఆన్ ది రెవల్యూషన్ ఇన్ ఫ్రాన్స్' పేరుతో మార్కెట్లోకి తెచ్చాడు. ఐదు వారాల్లో సుమారు 13 వేల ప్రతులు అమ్ముడయ్యాయి. ఆ రోజుల్లో అది మామూలు అమ్మకం కాదు.

తరతరాలుగా పేరుకున్న అలవాట్లు, ఆచారాలు, సంస్థలు ఎవరో ఒక్కడు గదిలో కూర్చుని గీసిన నమూనా కన్నా ఎక్కువ తెలివైనవన్నది బర్క్ వాదన. వాటిని బాగుచేసుకోవచ్చు గానీ కూకటివేళ్లతో పెకలిస్తే చివరికి కత్తి పట్టినవాడి పాలనే మిగులుతుందన్నాడు. నెపోలియన్ రాకముందే రాసిన మాట ఇది.

కన్సర్వేటివ్‌లు తర్వాత తమవాడిగా చెప్పుకున్నా, నిజానికి బర్క్ కన్సర్వేటివ్ కాడు. అప్పటికి ఆ పేరుతో పార్టీయే లేదు, ఆయన టోరీలకు ఎదురు నిలిచిన విగ్ పక్షం మనిషి. అంతకుముందు ఆయన కోపమంతా మన వైపు జరుగుతున్న దోపిడీ మీద. ఆర్కాటు నవాబుకు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు వడ్డీలకు అప్పులిచ్చి, వాటిని కర్ణాటక ప్రాంతపు శిస్తు మీద రాబట్టుకుంటున్న తీరును 1785 ఫిబ్రవరి 28న పార్లమెంటులో ఎండగట్టాడు. ఆ ప్రసంగాన్నీ అదే ఏడాది పుస్తకంగా వేయించాడు. నవాబు ఏలుబడిలోని ఆ సీమలో మన నెల్లూరూ ఉంది. గవర్నర్ జనరల్‌గా చేసిన వారన్ హేస్టింగ్స్ మీద అభియోగాలు మోపి ఏళ్ల తరబడి పోరాడినవాడూ ఆయనే. పాత వ్యవస్థను పడగొట్టి సొమ్ము చేసుకునేవాడు కంపెనీ దొరైనా, ప్యారిస్ విప్లవకారుడైనా బర్క్ లెక్కలో ఒకటే.

జవాబుకు జవాబులూ వెంటనే వచ్చాయి. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ నెల తిరక్కుండానే తన పుస్తకం అచ్చుకిచ్చింది. 1791లో థామస్ పెయిన్ 'రైట్స్ ఆఫ్ మ్యాన్' వచ్చింది. బర్క్ చదువుకున్నవాళ్లకు రాస్తే, పెయిన్ సంతలో మనిషికీ అర్థమయ్యేలా రాశాడు. ప్రభుత్వం పెయిన్ మీద రాజద్రోహం కేసు పెట్టి, ఆయన దేశంలో లేనప్పుడే దోషిగా తేల్చింది. అయినా పుస్తకం ఆగలేదు.

అరపెన్నీ కథలు

చట్టంతో ఆగనిదాన్ని కథతో ఆపాలని చూసింది హానా మోర్. పెయిన్‌కు విరుగుడుగా 1792లో 'విలేజ్ పాలిటిక్స్' అనే చిన్న పుస్తకం రాసింది. కమ్మరి జాక్, తాపీపని టామ్ మాట్లాడుకుంటారు. టామ్ కొత్త పుస్తకం చదివి హక్కులు కావాలంటాడు, జాక్ ఒక్కో ప్రశ్నా వేసి అతన్ని దారికి తెస్తాడు. 1795 నుంచి ఆమె 'చీప్ రిపాజిటరీ' పేరుతో కథలు, పాటలు, నీతిబోధలు వరసగా వేయించింది. సంతల్లో అమ్మే జనరంజక పుస్తకాల్లాగే మోటు అచ్చుబొమ్మలు, కళ్లకు కొట్టే శీర్షికలు, అరపెన్నీ నుంచి పెన్నీన్నర దాకా ధర. ఏడాదిలో 20 లక్షలకు పైగా ప్రతులు బయటికెళ్లాయి.

అయితే వాటిని పేదలే కొన్నారని అనుకోనక్కర్లేదు. భూస్వాములు, చర్చి పెద్దలు కట్టలకు కట్టలు కొని పనివాళ్లకు పంచారు. ఎవరు రాస్తారు, ఎవరు డబ్బు పెడతారు, ఎవరు చదువుతారు అన్న మూడు ప్రశ్నలకు మూడు వేర్వేరు జవాబులుండటం అప్పుడే మొదలైంది. కన్సర్వేటివ్ ప్రచురణకు ఆ అలవాటు ఇప్పటికీ ఉంది.

పార్టీకి పేరు పెట్టిన పత్రిక

1802లో మొదలైన 'ఎడిన్‌బరా రివ్యూ' విగ్‌ల కోట. స్పెయిన్ యుద్ధం మీద అందులో వచ్చిన ఒక వ్యాసం నచ్చక కవి వాల్టర్ స్కాట్ చందా మానేశాడు. జార్జ్ కానింగ్ లాంటి రాజకీయుల అండతో, స్కాట్ ప్రోద్బలంతో ప్రచురణకర్త జాన్ మరే 1809లో 'క్వార్టర్లీ రివ్యూ' పెట్టాడు. మూడు నెలలకోసారి వచ్చే ఈ పత్రికలో వ్యాసాలకు రచయిత పేరుండదు. పేరు లేని అలాంటి వ్యాసమే 1830 జనవరిలో, టోరీ పార్టీని కన్సర్వేటివ్ పార్టీ అంటే ఇంకా సబబుగా ఉంటుందని సూచించింది. పేరు నిలిచిపోయింది.

1834 డిసెంబరులో కన్సర్వేటివ్ ప్రధాని రాబర్ట్ పీల్ తన టామ్‌వర్త్ నియోజకవర్గం ఓటర్లకు రాసిన ఉత్తరాన్ని లండన్ దినపత్రికలకు పంపాడు. ఓటర్లకని రాసిన ఆ ఉత్తరాన్ని దేశమంతా చదివింది. 1832 నాటి ఎన్నికల సంస్కరణను తమ పార్టీ ఒప్పుకుంటోందని, అవసరమైన మార్పుకు అడ్డుపడదని ప్రకటించాడు. జాతీయ స్థాయి ఎన్నికల ప్రణాళికకు మొదటి నమూనాగా దాన్ని చెబుతారు.

ఆ ప్రకటనలో సూత్రమంటూ ఏముందని ఎగతాళి చేసినవాడు సొంత పార్టీవాడే, డిజ్రేలీ. యువకుడిగా ఉన్నప్పుడు మరేతో కలిసి 1826లో 'ది రిప్రజెంటేటివ్' అనే దినపత్రిక పెట్టించి ఆర్నెల్లలో ముంచినవాడాయన. పత్రిక కలిసిరాకపోయినా నవల కలిసొచ్చింది. 1844లో 'కానింగ్స్‌బీ', 1845లో 'సిబిల్' అచ్చయ్యాయి. ధనికులు, పేదలు ఒకరి బతుకు ఒకరికి తెలియని రెండు జాతులుగా బతుకుతున్నారన్నది 'సిబిల్' సారం. గనుల్లో పిల్లల పనిమీద పార్లమెంటు వేసిన విచారణల నివేదికల్లోంచి చాలా సరుకు తీసుకున్నాడు. ఎంగెల్స్ ఇంగ్లండు కార్మికుల స్థితి మీద జర్మన్‌లో పుస్తకం వేసింది కూడా అదే 1845లో. ఒకే దృశ్యాన్ని చూసి ఒకరు కమ్యూనిజం వైపు వెళ్లారు, ఇంకొకరు కన్సర్వేటివ్ పార్టీకి 'ఒకే జాతి' అన్న నినాదానికి పునాది వేశారు.

సాల్స్‌బరీ కథ వేరు. తండ్రికి ఇష్టం లేని పెళ్లి చేసుకుని డబ్బుకు కటకటలాడి 'శాటర్‌డే రివ్యూ'కీ 'క్వార్టర్లీ'కీ వందలాది వ్యాసాలు రాశాడు. ఓటు హక్కు విస్తరణను, సొంత నాయకుడైన డిజ్రేలీని కూడా వదల్లేదు. సంపాదకుల దగ్గర పారితోషికం తీసుకున్న ఆ చేయే తర్వాత మూడుసార్లు ప్రభుత్వాన్ని నడిపింది.

పత్రికాధిపతులతో పేచీ

1896లో ఆల్‌ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్ అరపెన్నీకి 'డైలీ మెయిల్' ఇచ్చాక ఆట మారింది. పెద్దమనుషులు చదివే త్రైమాసిక పత్రికల స్థానంలో లక్షల్లో అమ్ముడయ్యే దినపత్రిక వచ్చింది. 1924 ఎన్నికలకు నాలుగు రోజుల ముందు సోవియట్ నాయకుడు జినోవియెవ్ రాసినట్టుగా ఆ పత్రిక వేసిన ఉత్తరం లేబర్ పార్టీని రష్యా కమ్యూనిస్టులతో ముడిపెట్టింది. ఆ ఉత్తరం నకిలీదని చరిత్రకారులు తర్వాత తేల్చారు.

అదే అస్త్రం కన్సర్వేటివ్‌ల మీదికీ తిరిగింది. లార్డ్ రాదర్‌మియర్, లార్డ్ బీవర్‌బ్రుక్ తమ పత్రికల బలంతో పార్టీ నాయకుడు స్టాన్లీ బాల్డ్విన్‌ను దించాలని చూశారు. 1931 మార్చి 17న బాల్డ్విన్ ఒక ప్రసంగంలో వాళ్లది బాధ్యత లేని అధికారమని ఎండగట్టాడు. ఆ మాట అందించింది ఆయన పెదతల్లి పినతల్లి బిడ్డల వరసైన రచయిత రడ్‌యార్డ్ కిప్లింగ్ అంటారు. ఆ రోజుల్లోనే జరిగిన ఉప ఎన్నికలో బాల్డ్విన్ అభ్యర్థి గెలిచాడు. పత్రికాధిపతులకు జవాబు కూడా ఒక రచయిత దగ్గర్నుంచే రావాల్సి వచ్చింది.

కాగితం కరువులో

1936లో వామపక్ష ప్రచురణకర్త విక్టర్ గొలాంజ్ 'లెఫ్ట్ బుక్ క్లబ్' పెట్టాడు. నెలకో పుస్తకం, నారింజరంగు అట్ట, వేలాది సభ్యులు. మరుసటి ఏడాదే క్రిస్టినా ఫాయిల్ 'రైట్ బుక్ క్లబ్' మొదలెట్టింది. పేరులోనే జవాబు ఉంది. కానీ అసలు దెబ్బ 1940 జులైలో తగిలింది. హిట్లర్‌ను బుజ్జగించిన కన్సర్వేటివ్ నాయకుల్ని బోనెక్కిస్తూ ముగ్గురు పాత్రికేయులు మారుపేరుతో రాసిన 'గిల్టీ మెన్'ను గొలాంజే వేశాడు. పెద్ద పుస్తకాల దుకాణాలు అమ్మబోమంటే తోపుడుబళ్ల మీద అమ్మారు. రెండు లక్షలకు పైగా ప్రతులు పోయాయి. దానికి కన్సర్వేటివ్ ఎంపీ క్వింటిన్ హాగ్ జవాబు అచ్చయ్యేసరికి 1945 వచ్చేసింది.

1944లో ఆర్థికవేత్త ఫ్రెడరిక్ హాయెక్ 'ది రోడ్ టు సర్ఫ్‌డమ్' వచ్చింది. ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ మంచి ఉద్దేశంతో మొదలైనా స్వేచ్ఛను మింగేస్తుందన్నది వాదన. పుస్తకాన్ని సోషలిస్టులకే అంకితమిచ్చాడు, ఎవరితో వాదిస్తున్నాడో దాచుకోలేదు. యుద్ధకాలపు కాగితం కోటా వల్ల వేసినవి వేసినట్టే అయిపోయేవి. పార్టీ కేంద్ర కార్యాలయం తన కోటాలోంచి ఒకటిన్నర టన్నుల కాగితం ఇస్తానంది, సంక్షిప్త ప్రతి వేసి ఎన్నికల్లో పంచాలని. పుస్తకం సమయానికి రాలేదు. 1945 ఎన్నికల్లో లేబర్ పార్టీకి 393 సీట్లు వచ్చాయి.

ఆ ఓటమే పార్టీని చదువుకు కూర్చోబెట్టింది. ఫేబియన్ సొసైటీ చిన్న పుస్తకాలతో లేబర్‌కు ఆలోచన సమకూర్చిందని గమనించిన ఆర్.ఎ. బట్లర్ 1945లో 'కన్సర్వేటివ్ పొలిటికల్ సెంటర్' పెట్టాడు. 1950లో అది వేసిన 'వన్ నేషన్' అనే చిన్న పుస్తకం డిజ్రేలీ మాటకు కొత్త ఊపిరి పోసింది. రాసినవాళ్లలో ఇయాన్ మక్లౌడ్, ఇనక్ పావెల్, ఎడ్వర్డ్ హీత్ ఉన్నారు. ఆ ముగ్గురూ తర్వాత మూడు దారుల్లో పోయారు.

కోళ్లఫారం సొమ్ము, ఆర్థికశాస్త్రం

హాయెక్ పుస్తకాన్ని 'రీడర్స్ డైజెస్ట్' సంక్షిప్తంగా వేసింది. అది చదివిన ఆంటొనీ ఫిషర్ అనే వైమానిక దళ మాజీ పైలట్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్లి, రాజకీయాల్లోకి రమ్మంటారా అని హాయెక్‌నే అడిగాడు. వద్దన్నాడు హాయెక్. ముందు మేధావుల్ని, అధ్యాపకుల్ని, పాత్రికేయుల్ని మార్చు, నాయకులు వాళ్ల వెనకే వస్తారని చెప్పాడు. ఫిషర్ కోళ్ల పరిశ్రమలో బాగా సంపాదించి, 1955లో 'ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనామిక్ అఫైర్స్' స్థాపించాడు.

దాన్ని నడిపినవాళ్లు ఇద్దరు. డబ్బు, మనుషులు, మాటలు రాల్ఫ్ హారిస్ చూసుకునేవాడు. అచ్చు వ్యవహారమంతా ఆర్థర్ సెల్డన్‌ది. లండన్ ఈస్ట్‌ఎండ్‌లో చెప్పులు కుట్టే ఇంట పెరిగిన సెల్డన్ ప్రొఫెసర్ల రాతప్రతుల్ని నిర్దాక్షిణ్యంగా చెక్కేవాడు. పరిభాష తగ్గాలి. ఏది రాజకీయంగా సాధ్యమో రచయిత ఆలోచించకూడదు, వాదన ఎటు తీసుకెళ్తే అటే పోవాలి. కార్యాలయమున్న హోబర్ట్ ప్లేస్ పేరుతో 'హోబర్ట్ పేపర్స్' మొదలయ్యాయి. 1960లో వచ్చిన మొదటి పేపరు వస్తువు ఏ ధరకు అమ్మాలో దుకాణాలకు తయారీదారు నిర్దేశించడం తప్పన్నది. నాలుగేళ్లలో మంత్రి ఎడ్వర్డ్ హీత్ ఆ పద్ధతికి చట్టంతో చెక్ పెట్టాడు. ఒక పల్చటి పుస్తకం ఇంత త్వరగా బజారు ధరల్ని తాకడం అరుదు. దాతల పేర్లు బయటపెట్టదన్న విమర్శ మాత్రం ఆ సంస్థను వదల్లేదు.

1974లో కీత్ జోసెఫ్, మార్గరెట్ థాచర్ 'సెంటర్ ఫర్ పాలసీ స్టడీస్' పెట్టారు. దాని ఆస్థాన రచయిత ఆల్‌ఫ్రెడ్ షెర్మన్ ఒకప్పటి కమ్యూనిస్టు, స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడినవాడు. పూర్వపక్షం లోపలినుంచే తెలిసినవాడన్నమాట. ద్రవ్యోల్బణానికి తమ ప్రభుత్వమూ కారణమేనని జోసెఫ్ ఆ ఏడాది సెప్టెంబరులో ప్రెస్టన్‌లో ఒప్పుకుంటే 'ది టైమ్స్' పూర్తి పాఠం వేసింది. 'డైలీ టెలిగ్రాఫ్'లో టి.ఇ. అట్లీ సంపాదకీయాలు ఆ వాదనకు తోడయ్యాయి. చిన్నప్పుడే చూపు పోయిన అట్లీ పత్రికలు చదివించుకుని, సంపాదకీయాలు చెప్పి రాయించేవాడు. 1979లో థాచర్ గెలిచేనాటికి ఆమె చెప్పబోయే ప్రతి మాటా పాతికేళ్లుగా ప్రత్యర్థుల దెబ్బలు తిని రాటుదేలి ఉంది.

సంపాదకుడి కుర్చీ నుంచి

1828లో పుట్టిన 'ది స్పెక్టేటర్' వారపత్రిక మొదట్లో సంస్కరణవాదుల పక్షం. తర్వాత అది కన్సర్వేటివ్‌ల ఇంటిపత్రికైంది. సంపాదకుడిగా ఉన్న ఇయాన్ మక్లౌడ్ 1964 జనవరిలో ఒక పుస్తకాన్ని సమీక్షిస్తూ, పార్టీ నాయకుణ్ణి గుట్టుగా ఎంపిక చేసిన తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది ఈటన్ బడిలో చదివినవాళ్లేనని లెక్క చెప్పాడు. దుమారం రేగింది. 1965 నుంచి ఎంపీల ఓటుతో నాయకుణ్ణి ఎన్నుకోవడం మొదలైంది. మక్లౌడ్, ఆ తర్వాతి సంపాదకుడు నైజెల్ లాసన్ ఇద్దరూ ఆర్థికమంత్రులయ్యారు. 1999 నుంచి 2005 దాకా అదే కుర్చీలో కూర్చున్న బోరిస్ జాన్సన్ ప్రధాని అయ్యాడు. 2024లో పత్రిక 10 కోట్ల పౌండ్లకు చేతులు మారింది. మాజీ మంత్రి మైకేల్ గోవ్ సంపాదకుడిగా వచ్చాడు.

జవాబు వినని రాతలు

1979లో గెలిచాక పార్టీకి ఎదురువాదన వినే ఓపిక తగ్గింది. ఆస్తిపన్ను బదులు తలకింత పన్ను వేయాలని 1985లో ఆడమ్ స్మిత్ ఇన్‌స్టిట్యూట్ ప్రచురణలో డగ్లస్ మేసన్ వాదించాడు. ప్రభుత్వంలోనూ అదే ఆలోచన నడుస్తోంది. ఇది నడవదు, రాజకీయంగా కొంప ముంచుతుందని అప్పటి ఆర్థికమంత్రి లాసన్ అదే ఏడాది రాతపూర్వకంగా హెచ్చరించాడు. జవాబు ఉంది, చదివినవాళ్లు లేరు. పోల్ టాక్స్‌గా పేరుపడ్డ ఆ పన్ను వచ్చింది. 1990 మార్చి 31న ట్రఫాల్గర్ స్క్వేర్‌లో అల్లర్లు జరిగాయి. ఆ నవంబరులో థాచర్ దిగిపోయింది.

ఇంకో రెండు పుస్తకాల్ని పక్కపక్కన పెట్టొచ్చు. 1938లో హెరాల్డ్ మాక్మిలన్ 'ది మిడిల్ వే' రాశాడు. స్టాక్‌టన్ ఎంపీగా నిరుద్యోగాన్ని కళ్లారా చూసి, అటు సోషలిజానికీ ఇటు స్వేచ్ఛావిపణికీ మధ్యదారి వెదికాడు. అచ్చేసింది సొంత సంస్థ మాక్మిలన్. టాగోర్ 'గీతాంజలి'ని 1913లో లోకానికి అందించింది, 1918లో టాగోర్ తత్వం మీద సర్వేపల్లి రాధాకృష్ణన్ రాసిన పుస్తకం వేసింది ఆ సంస్థే. 'ది మిడిల్ వే' వచ్చిన 19 ఏళ్లకు ప్రధాని అయినప్పుడు మాక్మిలన్ నడిచింది దాదాపు తాను రాసిన దారిలోనే.

2012లో లిజ్ ట్రస్, క్వాసి క్వార్టెంగ్ సహా ఐదుగురు కొత్త ఎంపీలు 'బ్రిటానియా అన్‌చెయిన్డ్' రాశారు. వేసింది ఆ పాత సంస్థ వంశంలోదే, పాల్‌గ్రేవ్ మాక్మిలన్. బ్రిటిషర్లకు బద్ధకం ఎక్కువైందని, భారతీయ పిల్లలు డాక్టర్లూ వ్యాపారులూ కావాలనుకుంటుంటే తమ పిల్లలకు ఫుట్‌బాల్, పాప్ పాటల ధ్యాసని మందలించారు. పన్నులు, నిబంధనలు తగ్గాలన్నారు. పదేళ్లకు ట్రస్ ప్రధాని, క్వార్టెంగ్ ఆర్థికమంత్రి. 2022 సెప్టెంబరు 23న 4,500 కోట్ల పౌండ్ల పన్ను కోతలు ప్రకటించారు. ఆర్థికశాఖ ఉన్నతాధికారిని అంతకుముందే పంపేశారు. స్వతంత్ర సంస్థ వేసే అంచనాల్ని బయటికి రానివ్వలేదు. డాలరుతో పోలిస్తే పౌండు విలువ చరిత్రలోనే కనిష్ఠానికి పడింది, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బాండ్లు కొని మార్కెట్‌ను ఆదుకోవాల్సి వచ్చింది. 49 రోజులకు ప్రభుత్వం పోయింది.

రెండు పుస్తకాల మధ్య తేడా ఎడమ, కుడి మాత్రమే కాదు. మాక్మిలన్ ఇద్దరు ప్రత్యర్థుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాశాడు. ట్రస్ బృందం ప్రత్యర్థిని గదిలోంచి పంపేసి అమలు చేసింది. ఫిషర్, సెల్డన్‌లు పాతికేళ్లు పడ్డ శ్రమ పన్నులు తగ్గించాలన్న ఒక్క వాక్యం కోసం కాదు, ఆ వాక్యానికి వచ్చే ప్రతి అభ్యంతరానికీ సిద్ధపడటం కోసం. వారసులు వాక్యాన్ని తీసుకుని అభ్యంతరాల్ని వదిలేశారు.

2024 జులైలో కన్సర్వేటివ్‌లు 121 సీట్లకు పడిపోయారు. వాళ్ల చరిత్రలో అంత తక్కువ ఎప్పుడూ లేదు. ఓటమి తర్వాత వ్యాసాలు, చిన్న పుస్తకాలు మళ్లీ మొదలయ్యాయి. అది వాళ్ల పాత అలవాటే. కొత్తది ఏమిటంటే ఈసారి గట్టి ప్రశ్న లేబర్ నుంచే కాదు, కుడిపక్కన ఎదిగిన రిఫార్మ్ యూకే నుంచీ వస్తోంది. విప్లవానికి, సోషలిజానికి, ప్రణాళికలకు జవాబు రాయడంలో ఆ పార్టీ సంప్రదాయానికి 230 ఏళ్ల అనుభవం ఉంది. తమకన్నా కుడివైపు నిలబడి ఇన్ని ఓట్లు పట్టుకుపోయేవాడికి ఏం చెప్పాలో బర్క్ పుస్తకంలోనూ లేదు, హోబర్ట్ పేపర్స్‌లోనూ లేదు. ఆ పుస్తకం ఇంకా ఎవరో రాయాలి. రాసేవాళ్లు ముందుగా చేయాల్సిన పని, తమ ఓటరు ఎందుకు వెళ్లిపోయాడో అతని వాదనను అతనికన్నా బాగా చెప్పగలగడం.